ఫాలసీ అనాలా, మిస్‌కన్సెప్షన్ అనాలా?

తప్పుడు నమ్మకాన్ని చెప్పడానికి ఇంగ్లీషులో ఉన్న మాటల్లో ఫాలసీ ఒకటి. కొన్ని నిఘంటువులు దీని పక్కన ‘ఫార్మల్’ అని గుర్తు పెడతాయి. అంటే నలుగురితో కబుర్లాడేటప్పుడు కాక, వ్యాసాల్లో, నివేదికల్లో, వాదోపవాదాల్లో ఎక్కువగా కనిపించే మాట అని. చదువుతుంటే అర్థమైనట్టే ఉంటుంది. సొంతంగా ఒక వాక్యం రాయబోతేనే కలం ఆగుతుంది. ఆ మాట మీద పాఠకులు పంపిన ప్రశ్నలకే ఈసారి శీర్షికను కేటాయించాం.

ప్రశ్న: నిఘంటువులో ఫాలసీకి ‘మిస్టేకెన్ బిలీఫ్’ అని అర్థం ఇచ్చారు. అయితే మనం పొరపాటుగా నమ్మిన దేన్నైనా ఫాలసీ అనేయవచ్చా?

జవాబు: అనకూడదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. బస్సు తొమ్మిదింటికని మీరు అనుకున్నారు, అది ఎనిమిదిన్నరకే వెళ్లిపోయింది. ఇది ఫాలసీ కాదు, ఉత్త పొరపాటు. ‘ఐ వాజ్ మిస్టేకెన్’ అంటే సరిపోతుంది.

ఫాలసీకి రెండు అర్థాలున్నాయి. చాలామంది నిజమని నమ్మే అబద్ధం ఒకటి. తర్కంలో దొర్లే లోపం రెండోది. మొదటి అర్థంలో వాడాలన్నా రెండో అర్థం నీడ దాని మీద పడుతూనే ఉంటుంది. అందుకే వాడే ముందు రెండు సంగతులు చూసుకోండి. ఆ నమ్మకం ఒక్కరిదా, పదిమందిదా? దాని వెనక ‘ఇలా ఉంది కాబట్టి అలా ఉండాలి’ అనే వాదన ఏదైనా దాగి ఉందా? రెండిటికీ అవునని జవాబు వస్తే ఫాలసీ చక్కగా అతుకుతుంది. మొదటిదానికి మాత్రమే అవును అంటే వాడవచ్చు గానీ, మిత్, మిస్‌కన్సెప్షన్ లాంటి మాటలు ఇంకా సహజంగా ఉంటాయి. రెండిటికీ కాదు అంటే ఆ మాట జోలికి పోవద్దు.

ఒక ఉదాహరణ చూడండి. భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు ఎండాకాలం, దూరంగా పోయినప్పుడు చలికాలం అని చాలామంది అనుకుంటారు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అతి దూరంగా ఉండేది జులై మొదట్లో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. జనవరిలో ఉత్తరార్ధగోళంలో చలికాలమే నడుస్తూ ఉంటుంది. రుతువులు మారేది దూరం వల్ల కాదు, భూమి అక్షం సుమారు 23.4 డిగ్రీలు ఒరిగి ఉండడం వల్ల. ఈ తప్పుడు నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. ‘నిప్పుకు దగ్గరైతే వేడి, దూరమైతే చల్లన, సూర్యుడూ నిప్పే కదా’ అనే వాదనలోంచి పుట్టింది. వాదన మొదటి మెట్టు నిజమే, చివరి మెట్టు దగ్గరే కాలు జారింది. పదిమందీ నమ్మేదీ ఇదే. దీన్ని ఫాలసీ అంటే ఎవరూ వేలెత్తి చూపలేరు.

మనిషి తన మెదడులో పది శాతమే వాడతాడనే మాట కూడా అబద్ధమే. కానీ దాని వెనక చెప్పుకోదగ్గ వాదనేమీ లేదు, నోటినోటా పాకిన మాట అది. దీనికి మిత్ అనేదే మా ఓటు.

ప్రశ్న: దీన్ని ‘ఫాలసీ’ అని పలకాలా, ‘ఫెల్లసీ’ అనా? స్పెల్లింగ్ కూడా ప్రతిసారీ తప్పుతోంది.

జవాబు: అచ్చులో ఫాలసీ అని రాస్తున్నాం గానీ నోటితో పలికేటప్పుడు ‘ఫ్యాలసి’కి దగ్గరగా ఉంటుంది. ‘క్యాట్’, ‘బ్యాట్’లలో వినిపించే అచ్చే ఇక్కడా వస్తుంది. నొక్కు మొదటి అక్షరం మీద. మధ్యలోని ‘ల’ను తేల్చి వదిలేయాలి, లాగకూడదు. మొదటి హల్లు మన ‘ఫలం’లోని ఒత్తు పకారం కాదు. పై పళ్లను కింది పెదవికి ఆనించి గాలి వదిలితే వచ్చే ధ్వని.

స్పెల్లింగ్: ఎఫ్, ఎ, రెండు ఎల్‌లు, ఎ, సి, వై. చివర ఎస్-వై రాయడం ఎక్కువగా జరిగే తప్పు. ప్రైవసీ, పైరసీల చివర ఉన్నట్టే ఇక్కడా ఎ-సి-వై అని గుర్తు పెట్టుకుంటే తప్పు రాదు. బహువచనంలో వై పోయి ఐ-ఇ-ఎస్ వస్తుంది.

విశేషణం దగ్గర ఒక చిక్కు ఉంది. అది ‘ఫలేషస్’. నొక్కు మొదటి అక్షరం నుంచి ‘లే’ మీదికి జరుగుతుంది, మొదటి అచ్చు దాదాపు నలిగిపోతుంది. ‘ఫ్యాలసియస్’ అని పలికితే విన్నవాళ్లకు అర్థమవుతుంది గానీ చెవికి ఇబ్బందిగా ఉంటుంది.

ఇంకో మాట. ‘ఫాల్’ అంటే పడిపోవడం కదా, దానికీ దీనికీ చుట్టరికం ఉందేమోనని అనుకోవద్దు. ఫాలసీ లాటిన్‌లో మోసగించు, తప్పుదారి పట్టించు అనే అర్థం ఉన్న ‘ఫాల్లెరే’ అనే క్రియ నుంచి వచ్చింది. ఫాల్స్, ఫెయిల్, ఫాల్ట్, ఇన్‌ఫాలిబుల్ దీని తోబుట్టువులు. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తల్లో ఫాలసీకి మోసం, టక్కు అనే అర్థమే ఉండేది. ఇప్పుడు ఎవరో ఒకరు కావాలని మోసం చేయాలన్న నియమం లేదు, మన ఆలోచనే మనల్ని మోసం చేస్తే చాలు.

ప్రశ్న: వాక్యంలో ఎలా పెట్టాలి? ‘ఇట్ ఈజ్ ఎ ఫాలసీ’ దాకా రాస్తాను, ఆ తర్వాత ‘దట్’ రాయాలా ‘టు’ రాయాలా తెలియక ఆగిపోతున్నాను.

జవాబు: రెండూ వస్తాయి, అయితే వాటి వెనక వచ్చేవి వేరు.

‘దట్’ వెనక పూర్తి వాక్యం రావాలి. ‘ఇట్ ఈజ్ ఎ ఫాలసీ దట్ లైట్నింగ్ నెవర్ స్ట్రైక్స్ ద సేమ్ ప్లేస్ ట్వైస్.’ పిడుగు ఒకేచోట రెండుసార్లు పడదనేది అపోహ అని దీని అర్థం. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం మీద ఏటా సుమారు 20–25 సార్లు పిడుగు పడుతుంది కాబట్టి అపోహేనని గట్టిగానే చెప్పవచ్చు.

‘టు’ వెనక అనుకోవడం, నమ్మడం, ఊహించడం లాంటి క్రియ ఒకటి రావాలి: థింక్, బిలీవ్, అస్యూమ్, సపోజ్. ‘ఇట్ ఈజ్ ఎ ఫాలసీ టు అస్యూమ్ దట్ కాస్ట్‌లియర్ మీన్స్ బెటర్.’ ఖరీదెక్కువైతే నాణ్యతా ఎక్కువే అనుకోవడం పొరపాటు అని. ఈ క్రియ లేకుండా నేరుగా పనిని చెబితే వాక్యం కుంటుతుంది. ‘ఇట్ ఈజ్ ఎ ఫాలసీ టు బై కాస్ట్‌లీ థింగ్స్’ అనకూడదు. కొనడం తెలివితక్కువ పని కావచ్చు గానీ అది ఫాలసీ కాదు. ఆ పని వెనక ఉన్న ఆలోచనే ఫాలసీ.

మూడో పద్ధతి ‘ఆఫ్’తో. ‘ద ఫాలసీ ఆఫ్ జడ్జింగ్ ఎ ప్లాన్ బై ఇట్స్ రిజల్ట్ ఎలోన్.’ ఫలితం ఒక్కదాన్నే చూసి పథకం మంచిచెడ్డలు తేల్చే పొరపాటు. ‘ఆఫ్’ తర్వాత నామవాచకం గానీ, ఐ-ఎన్-జి రూపం గానీ రావాలి.

తెలుగువాళ్లకు అన్నిటికంటే సులువైనది నాలుగోది. ‘ద బిలీఫ్ దట్ ... ఈజ్ ఎ ఫాలసీ.’ మనం ‘ఫలానా అన్న నమ్మకం అపోహ’ అంటాం కదా, అదే వరుస. తొందరలో రాయాల్సి వస్తే దీన్నే పట్టుకోండి.

ఇక తప్పులు. తెలుగులో ఆర్టికల్ లేదు కాబట్టి ‘ఇట్ ఈజ్ ఫాలసీ’ అని రాసేస్తాం. ముందు ‘ఎ’ తప్పనిసరి. దీనికంటే ప్రమాదకరమైన తప్పు ఇంకోటుంది. ‘దట్’ తర్వాత తప్పుడు నమ్మకాన్ని రాయాలి, నిజాన్ని కాదు. ‘ఇట్ ఈజ్ ఎ ఫాలసీ దట్ లైట్నింగ్ కెన్ స్ట్రైక్ ట్వైస్’ అని రాస్తే మీరు చెప్పదలచుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకార్థం వస్తుంది. ‘పడదు’ అనే వ్యతిరేక క్రియ ఉన్న నమ్మకాల దగ్గర ఈ తడబాటు మరీ ఎక్కువ. తెలుగులో ‘పడదనుకోవడం’ అన్నప్పుడు ఆ ‘అనుకోవడం’ మనకు కాపలా కాస్తుంది. ఇంగ్లీషులో ‘దట్’ ఒక్కటే మిగులుతుంది కాబట్టి, రాశాక ‘దట్’ తర్వాతి ముక్కను విడిగా చదవండి. అది అబద్ధంలా వినిపిస్తే వాక్యం సరైనట్టే.

ప్రశ్న: దీని పక్కన ఏ క్రియలు, ఏ విశేషణాలు వస్తాయి?

జవాబు: ఎక్స్‌పోజ్, రెఫ్యూట్, పాయింట్ ఔట్ బాగా కలుస్తాయి. ఒక వాదన మొత్తం తప్పు పునాది మీద ఉందని చెప్పాలంటే ‘ద ఆర్గ్యుమెంట్ రెస్ట్స్ ఆన్ ఎ ఫాలసీ’ అంటారు. తర్కదోషం అనే అర్థంలో ‘కమిట్ ఎ ఫాలసీ’ అనడం రివాజు, నేరం చేసినప్పుడు వాడే క్రియే ఇది. డు, హ్యావ్, టెల్ కలవవు. విశేషణాల్లో కామన్, పాపులర్, వైడ్‌స్ప్రెడ్, లాజికల్, డేంజరస్ కలుస్తాయి. ‘ఫాల్స్ ఫాలసీ’, ‘రాంగ్ ఫాలసీ’ అనకండి, గేటు తలుపు అన్నట్టుంటుంది. అంతకంటే ఘోరం, తప్పు కాని తప్పు అనే అర్థమూ రావచ్చు.

ప్రశ్న: తెలుగులో అపోహ అని ఉన్నచోటల్లా ఫాలసీ అని అనువదిస్తున్నాను. మా సంపాదకుడు కొట్టేస్తున్నారు. తప్పేమిటి?

జవాబు: తప్పు మీ ఇంగ్లీషులో లేదు, అపోహలోనే ఉంది. ఈ మాటను మనం రెండు రకాలుగా వాడుకుంటున్నాం. ‘పాము పాలు తాగుతుందనేది అపోహ’ అన్నప్పుడు అది లోకంలో ఉన్న తప్పుడు నమ్మకం. ఇక్కడ ఫాలసీ, మిస్‌కన్సెప్షన్ రెండూ నడుస్తాయి. ‘అన్నదమ్ముల మధ్య అపోహలు వచ్చాయి’ అన్నప్పుడు అది ఒకరి మీద ఒకరికి కలిగిన అనుమానం, అపార్థం. దాన్ని ‘ఫాలసీస్ బిట్వీన్ ద బ్రదర్స్’ అంటే నవ్వుతారు. అక్కడ మిస్‌అండర్‌స్టాండింగ్ కావాలి. ‘ఈ పథకంపై ప్రజల్లో అపోహలున్నాయి’ అనే వార్తావాక్యం మరీ జిత్తులమారిది. ప్రజలు తప్పుగా అర్థం చేసుకున్నారని రాసినవారి ఉద్దేశమైతే మిస్‌కన్సెప్షన్స్, భయసందేహాలు ఉన్నాయనైతే మిస్‌గివింగ్స్ లేదా అప్రిహెన్షన్స్. పక్క వాక్యాలు చూడకుండా తేల్చలేం.

పిట్టకథ లాంటి విశేషం ఒకటి. సంస్కృత శాస్త్రాల్లో అపోహ అంటే తొలగించడం, కాదని తోసిపుచ్చడం. ఊహ అంటే ఒక పక్షాన్ని తలపోయడం, అపోహ అంటే దాన్ని కాదనడం. రెండూ కలిస్తే ఊహాపోహలు. అంటే మంచిచెడ్డలు తర్కించి చూడడం. తెలుగులోకి వచ్చేసరికి ఊహాపోహలు గాలివార్తలయ్యాయి, అపోహ తప్పుడు తలపు అయింది. తర్కానికి చెందిన మాటే తర్కం తప్పిన స్థితికి పేరు కావడం చిత్రమే.

తర్కశాస్త్రంలో ఫాలసీకి తెలుగు కావాలంటే తర్కదోషం సులువైన మాట. కాస్త గంభీరంగా హేత్వాభాసం అనవచ్చు. హేతువులా కనిపించేది, హేతువు కానిది అని దాని అర్థం. మాటలోనే నిర్వచనం ఇమిడిపోయింది. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం హేత్వాభాసాలు ఐదు అంటుంది. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన లెక్కలో 13 చెప్పాడు: భాష వల్ల వచ్చేవి ఆరు, భాషతో నిమిత్తం లేనివి ఏడు.

ప్రశ్న: మిస్‌కన్సెప్షన్, మిస్‌అప్రిహెన్షన్, డెల్యూజన్, ఇల్యూజన్, మిస్‌నోమర్. వీటి మధ్య తేడాలు చెప్పండి.

జవాబు: మిస్‌కన్సెప్షన్ ఒక విషయాన్ని మనసులో తప్పుగా రూపు కట్టుకోవడం. వాదన ఉన్నా లేకున్నా, ఒకరిదైనా పదిమందిదైనా నడుస్తుంది. అన్నిటికంటే మెత్తనిది, క్షేమకరమైనది. సందేహం వస్తే ఇదే వాడండి. దీని పక్కన కరెక్ట్, డిస్పెల్, క్లియర్ అప్ అనే క్రియలు వస్తాయి.

మిస్‌అప్రిహెన్షన్ ఫాలసీ కంటే కూడా బిగువైన మాట. అప్రిహెన్షన్ అంటే ఇవాళ ఎక్కువగా బెదురు, ఆందోళన కాబట్టి దీన్ని ‘తప్పుడు భయం’ అనుకునే ప్రమాదం ఉంది. కానే కాదు. అప్రిహెండ్ అంటే పట్టుకోవడం. దొంగను పట్టుకున్నా, అర్థాన్ని పట్టుకున్నా అదే మాట. తప్పుగా పట్టుకోవడమే మిస్‌అప్రిహెన్షన్. దాదాపు ఎప్పుడూ ‘అండర్ ద మిస్‌అప్రిహెన్షన్ దట్’ అనే అచ్చులోనే వస్తుంది, అలాగే కంఠస్థం చేయండి. ఒక వ్యక్తి ఒక సందర్భంలో పొరబడ్డాడని చెప్పడానికి పనికొస్తుంది. అంటే ఫాలసీ చేయలేని పని ఇది చేస్తుంది.

డెల్యూజన్ దగ్గర జాగ్రత్త. ఎదుట సాక్ష్యం పెట్టినా కదలని నమ్మకం అది. వైద్యంలో మానసిక వ్యాధి లక్షణానికి పేరు. మామూలు మాటల్లో వాడితే ‘పట్టిన కుందేలుకు మూడే కాళ్లు’ అనేవాడిని దాటి, బుద్ధి సరిగా లేదనేదాకా పోతుంది. కార్యాలయ ఉత్తరాల్లో వద్దు.

ఇల్యూజన్ ముఖ్యంగా ఇంద్రియాలది. నీళ్లలో పెట్టిన కర్ర వంకరగా కనిపిస్తుంది. వంకర లేదని తెలిశాక కూడా అలాగే కనిపిస్తుంది. ఫాలసీకి ఆ మొండితనం లేదు, తప్పు తెలిస్తే విడిపోతుంది, కనీసం విడిపోవాలి. మసక చీకట్లో తాడును చూసి పామనుకోవడాన్ని ఇంగ్లీషులో ఇల్యూజన్ అంటారు.

మిస్‌నోమర్ ఈ గుంపులోకి పొరపాటున వచ్చి చేరినది. అది తప్పుడు నమ్మకం కాదు, తప్పుడు పేరు. స్టార్‌ఫిష్ చేప కాదు కాబట్టి ఆ పేరు మిస్‌నోమర్. చదువుకున్నవాళ్లు కూడా ‘ఇట్ ఈజ్ ఎ మిస్‌నోమర్ దట్...’ అని మొదలుపెట్టడం వింటుంటాం. పేరు గురించి మాట్లాడకపోతే ఆ మాటకు అక్కడ పని లేదు.

ప్రశ్న: తర్కం పుస్తకంలో ‘ఫార్మల్ ఫాలసీ’, ‘ఇన్‌ఫార్మల్ ఫాలసీ’ అని చదివాను. మర్యాదగా మాట్లాడేటప్పుడు వచ్చేది, మామూలుగా మాట్లాడేటప్పుడు వచ్చేది అనేనా?

జవాబు: కాదు. నిఘంటువు ఫాలసీ పక్కన పెట్టే ‘ఫార్మల్’ గుర్తు వేరు, దీనిలోని ‘ఫార్మల్’ వేరు. ఇక్కడ ఫార్మ్ అంటే వాదన చట్రం. చట్రమే విరిగిపోయి ఉంటే ఫార్మల్ ఫాలసీ. అందులో ఏ విషయం నింపినా నిలబడదు. ‘వాన పడితే నేల తడుస్తుంది. నేల తడిసింది. కాబట్టి వాన పడింది.’ ఎవరైనా కుండెడు నీళ్లు కుమ్మరించి ఉండవచ్చు కదా! ‘అ అయితే ఆ, ఆ ఉంది, కాబట్టి అ’ అనే చట్రమే చెల్లదు. మన తార్కికుల పాత ఉదాహరణ ఇలాంటిదే: పొగ ఉంటే నిప్పు ఉండి తీరుతుంది, కానీ నిప్పు ఉంటే పొగ ఉండాలని లేదు. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. తడి కట్టె తోడైతేనే పొగ.

ఇన్‌ఫార్మల్ ఫాలసీలో చట్రం చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపలి సరుకులో తేడా ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటి జరిగింది కాబట్టి మొదటిదే కారణం అనుకోవడం ఒకటి. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకే పడగొట్టింది అనుకుంటే అదే. దానికి మన దగ్గర కాకతాళీయం అనే పేరు ముందే ఉంది. వాదనను వదిలి వాదించిన మనిషిని తిట్టడం ‘ఆడ్ హోమినెమ్’. ఎదుటివాడు అనని మాటను అన్నట్టు చెప్పి దాన్ని ఖండించడం ‘స్ట్రా మ్యాన్’. నిరూపించాల్సినదాన్నే ఆధారంగా తీసుకోవడం ‘బెగ్గింగ్ ద క్వశ్చన్’. ‘అతను నిజాయితీపరుడు, ఎందుకంటే తానే చెప్పాడు, నిజాయితీపరులు అబద్ధమాడరు కదా!’ తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చాం. ఇలా రుజువు తన మీదే తాను ఆనుకుంటే మన శాస్త్రాల్లో ఆత్మాశ్రయం అంటారు. రెండు ఒకదాని మీద ఒకటి ఆనుకుంటే అన్యోన్యాశ్రయం, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు అన్నట్టు. మూడు, అంతకు మించి గుండ్రంగా తిరిగితే చక్రకం. ఇక మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టే వాదన ‘నాన్ సెక్విటర్’.

ప్రశ్న: ఒకరి వాదనలో ఫాలసీ ఉందని చూపిస్తే, ఆయన చెప్పింది అబద్ధమని తేలినట్టేనా?

జవాబు: తేలనట్టే. నేల తడిసింది కాబట్టి వాన పడిందన్న మనిషి తర్కం తప్పు. కానీ నిజంగానే వాన పడి ఉండవచ్చు. దారి తప్పుది, చేరిన ఊరు సరైనదే అన్నమాట. ‘మీ వాదనలో లోపం ఉంది, కాబట్టి మీ మాట అబద్ధం’ అనడం కూడా ఒక తర్కదోషమే. దానికి ‘ఫాలసీ ఫాలసీ’ అని తమాషా పేరుంది. అందుకే ‘ద ఆర్గ్యుమెంట్ ఈజ్ ఫలేషస్’ అంటే వాదన చెల్లదని మాత్రమే. ‘ద క్లెయిమ్ ఈజ్ ఫాల్స్’ అంటే మాట అబద్ధమని. ఈ రెండూ ఒకటి కావు.

ప్రశ్న: పెథెటిక్ ఫాలసీ, గ్యాంబ్లర్స్ ఫాలసీ, సంక్ కాస్ట్ ఫాలసీ అనే మాటలు చదివాను. ఇవి కూడా ఇందులోవేనా?

జవాబు: అవును, అయితే మొదటిదాని తీరు వేరు. పెథెటిక్ అంటే ఇక్కడ దీనమైనది కాదు, భావోద్వేగానికి సంబంధించినది. ఆకాశం ఏడ్చింది, అలలు కోపంతో విరుచుకుపడ్డాయి అని ప్రకృతికి మనిషి మనసు అంటగట్టడానికి ఇంగ్లండు విమర్శకుడు జాన్ రస్కిన్ 1856లో పెట్టిన పేరు. ఆయన దాన్ని తప్పు కింద ఎత్తిచూపాడు. ఇవాళ సాహిత్య తరగతుల్లో నింద లేకుండా ఒక పారిభాషిక పదంలా వాడుతున్నారు. మన ఆలంకారికులకు ఇదేమీ దోషం కాదు, అలంకారమే.

గ్యాంబ్లర్స్ ఫాలసీకి నాణెం ఒకటి చాలు. వరసగా ఐదుసార్లు బొమ్మ పడింది. ఆరోసారి బొరుసే పడాలి అనిపిస్తుంది. ఎగరేయక ముందు అడిగితే ఆరుసార్లూ బొమ్మే పడే అవకాశం 64లో 1, నిజమే. కానీ ఐదు పడిపోయాయి, అవి ఇక అనుమానం కాదు, జరిగిన సంగతి. మిగిలింది ఒక్క ఎగరవేత, దాని అవకాశం 2లో 1. నాణేనికి జ్ఞాపకం ఉండదు. జరగబోయేదానికీ జరిగిపోయినదానికీ ఒకే లెక్క కట్టడమే ఇక్కడి మోసం.

సంక్ కాస్ట్ ఫాలసీ అంటే ఇక తిరిగి రాని ఖర్చును చూసుకుని నష్టమొచ్చే పనిని కొనసాగించడం. ఇంత పెట్టాం కదా, ఇప్పుడెలా వదిలేస్తాం అనే మాట వినిపిస్తే అదే. వదిలేసినా, సాగించినా ఆ పాత డబ్బు రాదు. చూడాల్సింది ఇకమీదట పెట్టేదీ వచ్చేదీ మాత్రమే.

ప్రశ్న: పైఅధికారికి రాసే మెయిల్‌లో ‘దట్ ఈజ్ ఎ ఫాలసీ’ అనవచ్చా?

జవాబు: వ్యాకరణం ఒప్పుకుంటుంది, అధికారి ఒప్పుకోకపోవచ్చు. మీకు ఆలోచించడం చేతకాలేదు అన్న ధ్వని అందులో ఉంది. మనిషికి కాకుండా నమ్మకానికి తగిలేలా తిప్పండి: ‘దేర్ ఈజ్ ఎ కామన్ మిస్‌కన్సెప్షన్ దట్...’ కామన్ అనే చిన్న మాట తప్పును అందరికీ పంచిపెడుతుంది.

ప్రశ్న: నేను రాసిన ఐదు వాక్యాలు పంపుతున్నాను. దిద్దండి.

జవాబు: ఒకటి. ‘ఐ హ్యాడ్ ఎ ఫాలసీ దట్ ద మీటింగ్ వాజ్ ఆన్ ట్యూస్‌డే.’ ఒక్కరి పొరపాటు, వెనక వాదన లేదు, పైగా హ్యావ్ కలవదు. ‘ఐ వాజ్ అండర్ ద ఇంప్రెషన్ దట్ ద మీటింగ్ వాజ్ ఆన్ ట్యూస్‌డే’ అనండి.

రెండు. ‘ఇట్ ఈజ్ ఫాలసీ టు బ్యాట్స్ ఆర్ బ్లైండ్.’ ‘ఎ’ లేదు, పూర్తి వాక్యం ముందు ‘టు’ రాదు. ‘ఇట్ ఈజ్ ఎ ఫాలసీ దట్ బ్యాట్స్ ఆర్ బ్లైండ్.’ గబ్బిలాలకు కళ్లు కనిపిస్తాయి కాబట్టి ‘దట్’ తర్వాతిది అబద్ధమే, సరిపోయింది.

మూడు. ‘హిజ్ ఆర్గ్యుమెంట్ ఈజ్ ఎ ఫాల్స్ ఫాలసీ.’ ‘హిజ్ ఆర్గ్యుమెంట్ ఈజ్ ఫలేషస్’ అంటే చాలు.

నాలుగు. ‘జెల్లీఫిష్ ఈజ్ ఎ ఫాలసీ, బికాజ్ ఇట్ ఈజ్ నాట్ ఎ ఫిష్.’ పేరు గురించిన మాట, కాబట్టి మిస్‌నోమర్. ‘ద నేమ్ జెల్లీఫిష్ ఈజ్ ఎ మిస్‌నోమర్.’ ‘ద నేమ్’ కలపకపోతే ఆ జీవే మిస్‌నోమర్ అయిపోతుంది.

ఐదు. ‘ద రిపోర్ట్ రెస్ట్స్ ఆన్ ద ఫాలసీ దట్ మోర్ అవర్స్ ఆల్వేస్ మీన్ మోర్ వర్క్.’ దీన్ని ముట్టుకోనక్కర్లేదు. ‘ఆల్వేస్’ను మాత్రం ఎప్పుడూ తీసేయకండి. అది పోతే ‘దట్’ తర్వాతి ముక్క కొన్నిసార్లు నిజం కూడా అవుతుంది, అప్పుడు దాన్ని ఫాలసీ అన్న మీ వాక్యమే వాదనకు దొరికిపోతుంది.